ప్రోబయోటిక్ ప్యాకెట్‌లో ఏముందో ఎవరు చూశారు?

(పశ్చిమ గోదావరి జిల్లాలో చేపల, రొయ్యల రైతులతో జరిగిన సమావేశంలో ఒక మైక్రోబయాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో రైతులు అడిగిన ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలెడతాను.

ముందే చెప్పేస్తున్నాను, ఏ కంపెనీ ప్రోబయోటిక్, అంటే చెరువులో, మేతలో వేసే మంచి బాక్టీరియా పొడి, మంచిది, ఏది వేస్తే చేప బాగా వస్తుంది అనేది ఇవాళ నేను చెప్పను. ఆ ప్రశ్న మీరు రోజూ అడుగుతూనే ఉంటారు, షాపాయన్ని అడుగుతారు, పక్క చెరువాయన్ని అడుగుతారు, బండేసుకొచ్చే టెక్నీషియన్‌ని అడుగుతారు. ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది. ఇది వేస్తే నా చేపకి గాని, ఆ చేప తిన్న మనిషికి గాని ఏమీ కాదని ఎవరు పరీక్ష చేశారు, ఏం పరీక్ష చేశారు? యాంటీబయోటిక్ దగ్గర ఈ మాట కాస్తో కూస్తో వస్తుంది, ఎందుకంటే ఎగుమతి చేసిన సరుకు తిరిగొస్తుందన్న టెన్షన్ అక్కడ ఉంది. ప్రోబయోటిక్ అనేసరికి "మంచి బాక్టీరియానే కదండీ, పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు, నష్టమేముంది" అంటారు. నా గొడవంతా ఈ "నష్టమేముంది" గురించే.

అయితే యాంటీబయోటిక్‌తోనే మొదలెట్టాలి, ఎందుకంటే భద్రత పరీక్ష అంటే ఎలా ఉంటుందో అక్కడే తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికాలో తినే చేపలకి మేతలో కలిపి పెట్టడానికి అనుమతి ఉన్న యాంటీబయోటిక్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆక్సీటెట్రాసైక్లిన్, ఫ్లోర్‌ఫెనికాల్, సల్ఫాడైమెథాక్సిన్‌తో ఆర్మెటోప్రిమ్ కలిపిన మందు, అంతే. అవి కూడా ఫలానా చేపకి, ఫలానా జబ్బుకి, ఇంత మోతాదు, ఇన్ని రోజులు అని రాసి ఇస్తారు. ఆ అనుమతి రావాలంటే కంపెనీవాళ్ళు చేయాల్సిన పరీక్షల్లో ఒకటి, మందు చేపకే హాని చేస్తుందా అని చూడటం. తొట్టెల్లో చేపల్ని గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకి మందు లేని మేత, ఒక గుంపుకి మామూలు మోతాదు, ఇంకో గుంపుకి మూడు రెట్లు, ఇంకో గుంపుకి అయిదు రెట్లు పెడతారు. వాడాల్సింది పది రోజులైతే పరీక్షలో ముప్ఫై రోజులు పెడతారు. ఎన్ని చచ్చాయన్నది ఒక్కటే కాదు, మేత ఎంత వదిలేశాయి, ఈత ఎలా ఉంది, మొప్పలు, కాలేయం, మూత్రపిండం, ప్లీహం ఒక్కోటీ కోసి, పలచని ముక్కలు తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు.

అలా చూడబట్టే ఒక సంగతి బయటపడింది. ఫ్లోర్‌ఫెనికాల్ మోతాదు పెరిగేకొద్దీ చేప మూత్రపిండంలో, ప్లీహంలో రక్తకణాలు తయారుచేసే కణజాలం తగ్గుతోంది. చేపకి మనలాగా ఎముక మజ్జలో రక్తం తయారవదండీ, మూత్రపిండం ముందు భాగంలోనే అవుతుంది. ఆ కణజాలం మళ్ళీ మామూలు కావడానికి ఎంతకాలం పడుతుందో చూడలేదని అక్కడి లేబుల్ మీదే రాసి ఉంటుంది. తల్లి చేపల మీద, గుడ్ల మీద ప్రభావం తేల్చలేదని కూడా ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, మన దగ్గర "రెండు రోజులు డబుల్ డోసు కొట్టండి" అని చెప్పే ఆయన ఈ లేబుల్ ఎప్పుడైనా చదివి ఉంటాడా?

అయిదు రెట్లు ఎందుకు చూస్తారంటే, రైతు దగ్గర కొలత తప్పుతుందని వాళ్ళకి తెలుసు. కొల్లేరు చుట్టుపక్కల మన పద్ధతి చూడండి. తౌడు సంచికి అడుగున బెజ్జాలు పెట్టి, వెదురు గడలకి వరసగా కట్టి వదులుతాం. చేప వచ్చి మూతి పెట్టి లాక్కుంటుంది. మేత వృథా కాకుండా చూడటానికి ఇంతకంటే తెలివైన పద్ధతి నేను ఎక్కడా చూడలేదు, అది వేరే విషయం. కానీ ఇందులో మందు కలిపితే ఏమవుతుంది? ఎకరాకి నాలుగు టన్నుల చేప ఉందనుకోండి. కిలోకి పది మిల్లీగ్రాముల లెక్కన రోజుకి నలభై గ్రాముల అసలు మందు పడాలి. ప్యాకెట్‌లో మందు శాతం పది అయితే నాలుగు వందల గ్రాముల పొడి. నాలుగు టన్నులు అన్నది మన అంచనా మాత్రమే, మూడే ఉండొచ్చు, అయిదుండొచ్చు. ఆ పొడి తౌడులో సమంగా కలవాలి. సంచి నీళ్ళల్లో దిగగానే కొంత కరిగిపోతుంది. బొచ్చె, శీలావతి రెండూ ఒకే లెక్కన తినవు. పెద్ద చేప ముందొచ్చి సంచి దగ్గర కాపు కాస్తుంది. చివరికి జబ్బు చేసిన చేప, అసలు మందు అవసరమైంది, సంచి దగ్గరికే రాదు! జబ్బు చేసిన చేప చేసే మొదటి పని మేత మానేయడం కదా. ఆరోగ్యంగా ఉన్నవి మందు తింటాయి, జబ్బుతో ఉన్నవి గట్టు పక్కన తేలుతూ ఉంటాయి. ఆపైన మనం "మందు పనిచేయలేదు, పవర్ మార్చండి" అంటాం.

ఆక్సీటెట్రాసైక్లిన్ సంగతి ఇంకా అన్యాయం. నీళ్ళల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి, అలా పట్టుకున్న మందు పేగు లోంచి ఒంట్లోకి సరిగ్గా ఎక్కదు. కార్పు చేపల్లో అది ఒంటికి పట్టేది మరీ తక్కువ. మిగిలిందంతా రెట్టలో చెరువు అడుక్కి పోతుంది. అక్కడ బురదలో నెలల తరబడి కొద్ది కొద్దిగా ఉండిపోతే, అక్కడున్న బాక్టీరియాకి అది రోజూ పాఠం నేర్పుతూ ఉంటుంది.

ఇక రొయ్యల్లో వైట్ స్పాట్‌కి యాంటీబయోటిక్ వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది వైరస్ అండీ. యాంటీబయోటిక్‌కి వైరస్‌తో సంబంధమే లేదు. ఈహెచ్‌పీ కూడా బాక్టీరియా కాదు, మైక్రోస్పోరిడియా జాతి పరాన్నజీవి. తెల్ల రెట్ట కనపడగానే మందు కొట్టేస్తే మందు కంపెనీకే లాభం. ఇది ఇంతకు మించి సాగదీయను, మీకు చాలామందికి తెలిసిందే.

ఇప్పుడు తినేవాళ్ళ సంగతి. మందు ఆపాక ఇన్ని రోజులు పట్టుబడి, అంటే చేపలు పట్టి అమ్మడం, చేయకూడదు అని ఒక గడువు ఉంటుంది. అమెరికాలో ఆక్సీటెట్రాసైక్లిన్‌కి 21 రోజులు, ఫ్లోర్‌ఫెనికాల్‌కి 15 రోజులు. యూరప్‌లో ఒక చేపకి ప్రత్యేకంగా గడువు తేల్చని మందుని డాక్టరు తప్పనిసరై వాడితే 500 డిగ్రీ-రోజులు అనే లెక్క వాడుతూ వచ్చారు. అంటే నీటి ఉష్ణోగ్రతని రోజులతో గుణించాలి. చేప చల్లని రక్తం జీవి, నీళ్ళు చల్లగా ఉంటే దాని కాలేయం నెమ్మదిగా పనిచేస్తుంది, మందు నెమ్మదిగా పోతుంది. మన చెరువులో నీళ్ళు 28 డిగ్రీలుంటే పద్దెనిమిది రోజులకి 500 దాటుతుంది. నార్వేలో 8 డిగ్రీల నీళ్ళల్లో అదే లెక్కకి రెండు నెలలు దాటాలి. జనవరిలో మన దగ్గర కూడా రాత్రి నీళ్ళు చల్లబడతాయి, అప్పుడు ఎండాకాలం గడువుని నమ్ముకోకూడదు.

కొన్ని మందులకి గడువన్న మాటే లేదు, అసలు వాడకూడదు. క్లోరాంఫెనికాల్ అందులో మొదటిది. కొంతమంది మనుషుల్లో అది ఎముక మజ్జని దెబ్బతీసి రక్తం తయారవకుండా చేస్తుంది, ఎంత తింటే వస్తుందన్న లెక్క దానికి లేదు, అందుకే "ఇంతవరకూ పర్వాలేదు" అనే గీత ఎవరూ గీయలేకపోయారు. రెండోది నైట్రోఫ్యూరాన్లు. ఇవి చేపలో గంటల్లో విరిగిపోతాయి, కానీ విరిగిన ముక్కలు కండలోని ప్రోటీన్‌కి అంటుకుని వారాల తరబడి ఉంటాయి. ల్యాబులో వెతికేది ఆ ముక్కల్నే.

యూరప్‌వాళ్ళు సరుకులో ఇంత కనపడితే ఆపేయాలి అనే హద్దుని 2022 నవంబరు 28 నుంచి సగానికి తగ్గించారు. క్లోరాంఫెనికాల్ 0.3 పీపీబీ (పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు) ఉండేది 0.15 అయింది, నైట్రోఫ్యూరాన్ ముక్కలకి 1 ఉండేది 0.5 అయింది. 0.15 పీపీబీ అంటే పది టన్నుల సరుకు మొత్తంలో ఒకటిన్నర మిల్లీగ్రాము. చిటికెలో పదో వంతు కూడా కాదు. 2016లో మన రొయ్యల సరుకులో యూరప్ సరిహద్దుల్లో తీసే శాంపిళ్ళని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచారు, అంటే రెండు కన్సైన్‌మెంట్లలో ఒకటి ఆపి చూస్తారన్నమాట. ఆ ఆలస్యం, ఆ పోర్టు ఖర్చు, ఆ పరీక్ష ఖర్చు చివరికి ఎవరి రొయ్యల ధరలోంచి పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

[ఒక రైతు: ఏవండీ, మేం మందు చుక్క కూడా వాడకుండానే టెస్టులో పాజిటివ్ వచ్చిందండి మా ఊళ్ళో. మరి అదెక్కడ్నుంచి వచ్చినట్టు?]

కూర్చోండి బాబాయి గారు, నేను అక్కడికే వస్తున్నా. మీరు అబద్ధం చెప్తున్నారని మీ రొయ్యలు కొనే ప్లాంటువాళ్ళు అనుకుంటారు, ప్లాంటువాళ్ళు రేటు తగ్గించడానికి నాటకం ఆడుతున్నారని మీరు అనుకుంటారు. ఇద్దరూ చూడని చోటు ఒకటుంది. అదే ప్యాకెట్.

"గట్ ప్రోబయోటిక్", "గ్రోత్ ప్రమోటర్", "లివర్ టానిక్", "ఇమ్యూనిటీ బూస్టర్" అని రకరకాల పేర్లతో వచ్చే వాటిల్లో కొన్నిట్లో చెప్పకుండా యాంటీబయోటిక్ కలుపుతారు. ఎందుకు కలుపుతారంటే, వేసిన మూడో రోజుకి తేడా కనపడాలి, రైతు మళ్ళీ కొనాలి. నిజమైన ప్రోబయోటిక్ మూడు రోజుల్లో అద్భుతాలు చేయదు. చెన్నైలో ఉన్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చెరువుకి వాడే సరుకుల్లో యాంటీబయోటిక్ లేదని ధ్రువీకరించి నమోదు చేసే పద్ధతి పెట్టిందే ఇందుకు. నమోదైన వాటి జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మీ అబ్బాయి ఫోన్‌లో అయిదు నిమిషాల్లో చూసి పెడతాడు. కానీ ఆ జాబితా చెప్పేది ఒక్క విషయమే, నిషేధించిన యాంటీబయోటిక్ ఇందులో లేదని. అందులో ఉన్న బాక్టీరియా ఏది, అది మంచిదేనా అనే పూచీ దాంతోనే వచ్చేసిందని అనుకోవద్దు. ఈ రెండూ వేరు వేరు పరీక్షలు.

మా ల్యాబులో అనుమానం ఉన్న ప్యాకెట్ వస్తే మేం మొదట చేసే పని చాలా సింపుల్. ఏ యాంటీబయోటిక్‌కైనా తేలిగ్గా చచ్చే ఒక బాక్టీరియాని అగర్ ప్లేటు, అంటే బాక్టీరియా పెరిగే జెల్లీ పళ్ళెం, నిండా పరుస్తాం. మధ్యలో చిన్న గుంట తవ్వుతాం. ప్యాకెట్ పొడిని నీళ్ళల్లో కలిపి, అందులో ఉన్న బతికిన కణాలన్నీ పోయేలా సన్నని ఫిల్టర్‌లోంచి వడగట్టి, ఆ నీళ్ళు ఆ గుంటలో పోస్తాం. తెల్లారి వచ్చి చూస్తే ప్లేటంతా తెల్లగా మసకగా పెరిగి ఉంటుంది. గుంట చుట్టూ మాత్రం అద్దంలా ఖాళీగా, గుండ్రంగా ఒక వలయం ఉందంటే, లోపల చంపేది ఏదో ఉందని అర్థం. అయితే ఇక్కడొక మెలిక ఉంది. బాసిల్లస్ లాంటి బాక్టీరియా తమంతట తామే అలాంటి పదార్థాలు తయారుచేస్తాయి, వాటివల్ల కూడా వలయం రావచ్చు. అందుకని వలయం రాగానే ఎవర్నీ దొంగ అనకూడదు, ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలో పెట్టి అది ఏ అణువో తేల్చాల్సిందే. ఎలైజా అనే త్వరగా చేసే టెస్టు కూడా అంతే, జల్లెడ పట్టడానికి బాగుంటుంది, తీర్పు చెప్పడానికి చాలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్యాకెట్‌లో యాంటీబయోటిక్ ఏమీ లేదు, రాసిన బాక్టీరియానే ఉంది అనుకుందాం. అయినా అది సురక్షితమేనా?

యాంటీబయోటిక్ ప్రాణం లేని రసాయనం. ఆపేస్తే రోజురోజుకీ తగ్గుతుంది, గడువు లెక్కపెట్టుకుని కూర్చోవచ్చు. ప్రోబయోటిక్ ప్రాణం ఉన్నది, చెరువులో పిల్లల్ని పెడుతుంది, పక్క బాక్టీరియాతో జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటుంది. తప్పుడు జన్యువు ఒకటి చెరువులోకి వదిలితే దానికి విత్‌డ్రాయల్ పీరియడ్, అంటే ఇందాక చెప్పిన గడువు, అంటూ ఏదీ ఉండదు. అందుకే ప్రోబయోటిక్‌కి పరీక్షలు యాంటీబయోటిక్ కంటే తక్కువ కాదు, కొన్ని విషయాల్లో ఎక్కువే ఉండాలని నేనంటాను. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని వాళ్ళున్నారు.

యూరప్‌లో ఆహార భద్రత సంస్థ, ఈఎఫ్‌ఎస్‌ఏ అంటారు, మేతలో కలిపే బాక్టీరియా విషయంలో ఏం అడుగుతుందో చూడండి. మొదటిది, జాతి పేరు చాలదు, ఏ స్ట్రెయినో, అంటే ఆ జాతిలో ఏ ప్రత్యేక రకమో, చెప్పాలి, దాన్ని ఒక కల్చర్ బ్యాంకులో నంబరుతో దాచి ఉంచాలి. 2018 నుంచి దాని జన్యువులన్నిటినీ చదివి చూపించమంటున్నారు. రెండోది, ఏయే యాంటీబయోటిక్‌కి ఎంత మోతాదులో చస్తుందో ఒక్కోదానికీ కొలిచి చూపించాలి. చావనిది ఏదైనా ఉంటే, ఆ మొండితనం ఆ జాతికి పుట్టుకతో వచ్చిందా, లేక బయటి నుంచి తెచ్చుకున్న జన్యువు వల్ల వచ్చిందా తేల్చాలి. పుట్టుకతో వచ్చిందైతే ఇంకోదానికి అంటించే అవకాశం తక్కువ. తెచ్చుకున్నదైతే మళ్ళీ ఇంకోదానికి ఇవ్వగలదు, అలాంటి దాన్ని వద్దంటారు. మూడోది విషాలు. రక్తకణాల్ని కరిగిస్తుందా, కణాల్ని చంపుతుందా? నాలుగోది చేప మీదే పరీక్ష, చెప్పిన మోతాదుకి పది రెట్లు, వీలైతే వంద రెట్లు పెట్టి చూడటం.

వీటి వల్ల నిజంగా ఏమైనా తేడా వచ్చిందా అంటే, వచ్చింది. టోయోసెరిన్ అని ఒక ప్రోబయోటిక్ ఉండేది, బాసిల్లస్ సీరియస్ రకం టోయోయి అనే బాక్టీరియా. పందులకి, కోళ్ళకి, పశువులకి యూరప్‌లో ఏళ్ళ తరబడి అధికారికంగా వాడారు. తీరా వివరంగా పరీక్షిస్తే అందులో టెట్రాసైక్లిన్‌కి, క్లోరాంఫెనికాల్‌కి లొంగని జన్యువులు కనిపించాయి, విషం తయారుచేసే సామర్థ్యం మీద కూడా అనుమానం వచ్చింది. 2013లో వాడకం నిలిపేశారు, 2015లో అనుమతే రద్దు చేశారు. గమనించండి, కల్తీ సరుకు కాదది, పెద్ద కంపెనీ సరుకు, లేబుల్ మీద ఉన్నదే లోపల ఉంది. లేబుల్ నిజం చెప్పినా సమస్య సమస్యే.

ఆ బాసిల్లస్ సీరియస్ అన్నం పాడైతే వాంతులు తెచ్చేదే. వనామీ రొయ్యల పెంకు మీద తెల్లటి మచ్చలతో వచ్చిన ఒక జబ్బుకి ఇదే కారణమని 2015లో మన దక్షిణ భారతం నుంచే పరిశోధకులు రాశారు. చవక ప్యాకెట్ మీద "బాసిల్లస్ స్పీసీస్" అని మాత్రమే రాసి ఉంటే అది సబ్టిలిసా, లైకెనిఫార్మిసా, సీరియసా? మీకెలా తెలుస్తుంది? నాకైతే తెలియదు, ప్లేటు మీద వేసి చూడాల్సిందే.

ఇంకో కథ ఈక్వడార్‌ది. 1990ల మొదట్లో అక్కడి రొయ్య హేచరీల్లో యాంటీబయోటిక్ బదులు విబ్రియో ఆల్జినోలిటికస్ అనే బాక్టీరియాని ప్రోబయోటిక్‌గా పోశారు. యాంటీబయోటిక్ వాడకం బాగా పడిపోయింది, పిల్లలు బాగా బతికాయి, ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ అదే జాతిలో రొయ్యల్ని, చేపల్ని చంపే స్ట్రెయిన్లు కూడా ఉన్నాయి. ఒక స్ట్రెయిన్ మంచిదని నిరూపిస్తే ఆ పేరున్న వాటన్నిటికీ ఆ మంచితనం రాదు. అందుకే స్ట్రెయిన్ నంబరు అడగమంటున్నా.

జన్యువుల ప్రయాణానికి ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకెళ్తాను. ఫ్లోర్‌ఫెనికాల్‌కి లొంగని జన్యువు ఒకటి ఉంది, అది ఉంటే క్లోరాంఫెనికాల్ కూడా పనిచేయదు. చేపల్లో జబ్బు తెచ్చే ఒక బాక్టీరియాలో, అదీ ఒకదాన్నుంచి ఇంకోదానికి పోగల ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద, దీన్ని చదివి జపాన్‌లో 1996లో ప్రచురించారు. ఆ తర్వాత ఏళ్ళల్లో, మనుషులకి విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లాలో దాదాపు అలాంటి జన్యువే బయటపడింది. చేప చెరువులోంచే మనిషి దాకా వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పడం లేదు, కానీ దానికి చేప, పంది, మనిషి అన్న తేడా లేదన్నది మాత్రం స్పష్టం. మన దేశంలో 2019 జూలైలో కొలిస్టిన్‌ని పశువులకి, కోళ్ళకి, ఆక్వాకి వాడకూడదని నిషేధించింది కూడా ఈ భయంతోనే, ఆసుపత్రిలో అన్ని మందులూ చేతులెత్తేశాక చివర్న మిగిలే మందుల్లో అదొకటి.

ఇప్పుడు మీ గట్టు మీద జరిగే పని చూద్దాం. నీలం డ్రమ్ము. అందులో బెల్లం, తౌడు, ఈస్టు, ఒక ప్యాకెట్ ప్రోబయోటిక్, నీళ్ళు. చిన్న ఎయిర్ పంపు పెట్టి ఒక రోజో రెండు రోజులో ఉంచి చెరువులో పోస్తారు. ఈ ఆలోచనలో తప్పులేదు, లెక్క చూస్తే అర్థమవుతుంది కూడా. ఒక ఎకరం చెరువు, మీటరున్నర లోతు, ఆరు వేల ఘనపు మీటర్ల నీళ్ళు. గ్రాముకి వంద కోట్ల కణాలున్న పొడి కిలో పోస్తే మిల్లీలీటరుకి వడ్డేది నూట అరవై, నూట డెబ్భై కణాలే. చెరువులో ముందే మిల్లీలీటరుకి లక్షల్లో ఉంటాయి. వాళ్ళ మధ్య వీళ్ళెక్కడ నెగ్గుతారు? అందుకని డ్రమ్ములో పెంచి పోయడం. సరే. కానీ డ్రమ్ము ఏది వేస్తే దాన్నే పెంచుతుంది. నీళ్ళు చెరువులోవే తోడి పోస్తే, అందులో విబ్రియో ఉంటే, బెల్లం దానికీ విందే. పైన మూత లేదు, కలిపిన కర్ర నిన్న చచ్చిన చేపల్ని తీసిన కర్ర. రెండు రోజుల తర్వాత పుల్లటి వాసన వస్తే "బాగా పులిసింది" అనుకుంటాం, కుళ్ళు వాసన వచ్చినా చాలామంది పోసేస్తారు, బెల్లం డబ్బులు పోతాయని. ప్యాకెట్ మీద ఎన్ని సర్టిఫికెట్లున్నా డ్రమ్ము దగ్గర అవన్నీ చెల్లవు. కనీసం బోరు నీళ్ళు వాడండి, మరగబెట్టి చల్లార్చినవైతే ఇంకా మంచిది, డ్రమ్ము కడిగి ఎండబెట్టండి, కుళ్ళు వాసన వస్తే దూరంగా పారబోసి పైన సున్నం చల్లండి.

ఇంకోటి, సాయంత్రం పోయకండి. అన్ని కోట్ల బాక్టీరియా, అంత బెల్లం ఒక్కసారి పడితే అవి ఆక్సిజన్ లాగేస్తాయి. రాత్రి ఎలాగూ డీవో, అంటే నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, తెల్లారుజామున నాలుగింటికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే ప్రోబయోటిక్ విషమైపోయిందని కంపెనీని తిడతాం. పొద్దున ఎండెక్కాక, ఏరేటర్లు తిప్పుతూ పోయాలి.

[ఇంకో రైతు: యాంటీబయోటిక్ నడుస్తుండగా గట్ ప్రోబయోటిక్ కూడా ఇస్తే పేగు పాడవకుండా ఉంటుందని చెప్పారండి మాకు.]

ఒక చేత్తో నారు నాటుతూ రెండో చేత్తో గడ్డిమందు కొట్టినట్టు ఉంటుంది అది. యాంటీబయోటిక్ ఆ ప్రోబయోటిక్‌ని కూడా చంపేస్తుంది, రెండింటి డబ్బులూ పోతాయి. యాంటీబయోటిక్ కోర్సు పూర్తయ్యాక పేగు ఖాళీగా ఉన్నప్పుడు ఇవ్వండి, అప్పుడు ఉపయోగం. ఇక్కడ కొందరు సేల్స్‌వాళ్ళు ఇంకో మాట చెప్తారు, "మా ప్రోబయోటిక్ యాంటీబయోటిక్‌తో కలిపి ఇచ్చినా చావదండీ" అని గొప్పగా. నేను ఇందాకట్నుంచి చెప్పిందంతా గుర్తుంటే, ఆ మాట వినగానే మీకు ఒళ్ళు జలదరించాలి. చావదంటే ఎందుకు చావదు? స్పోరు రూపంలో నిద్రపోతూ ఉండి తప్పించుకుంటుందా, లేక లొంగని జన్యువు ఏదైనా మోసుకు తిరుగుతోందా? మొదటిదైతే సరే. రెండోదైతే ఆ జన్యువుని కిలోల లెక్కన కొని మీ చెరువులో మీరే చల్లుకుంటున్నారు.

[అదే రైతు: అయితే మందులు అసలు వాడొద్దంటారా?]

అననండి. చేప చస్తుంటే చూస్తూ కూర్చోమని ఎవరూ చెప్పరు. జబ్బు బాక్టీరియాదే అని తేలాక, బతికున్న జబ్బు చేపని, చచ్చి తేలిన దాన్ని కాదు, ల్యాబుకి తెచ్చి, మూత్రపిండం నుంచి బాక్టీరియా పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూపించుకుని, అనుమతి ఉన్న మందుని, చేపలు ఇంకా మేత తింటున్న దశలోనే, పూర్తి రోజులు వాడండి. మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి మందులకి చేపల్లో హద్దులు పెట్టారు, అంటే గడువు పాటిస్తే ఇబ్బంది లేదనే కదా. నార్వేవాళ్ళు 1987లో సాల్మన్‌కి దాదాపు 50 టన్నుల యాంటీబయోటిక్ వాడారు. ఇప్పుడు వాళ్ళ ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటినా ఏడాదికి వాడేది టన్ను లోపే. అది ప్రోబయోటిక్ మహిమ కాదు, ప్రధానంగా టీకాలు. ఒక్కో చేప పిల్లకి ఇంజెక్షన్ వేస్తారు. మన శీలావతి పిల్లకి ఆ ఖర్చు గిట్టదు, రొయ్యకి చేపలాంటి రోగనిరోధక వ్యవస్థే లేదు, కాబట్టి నార్వే దారి మనకి ఉన్నదున్నట్టు పనికిరాదు. మనకి సాంద్రత తగ్గించడం, నీళ్ళు, అడుగు బురద, ఇవే టీకాలు.

[ఒక మహిళా రైతు: ప్యాకెట్ కొనేటప్పుడు మేం ఏం చూసుకోవాలి సార్?]

అమ్మా, మంచి ప్రశ్న. బాక్టీరియా పూర్తి పేరు, స్ట్రెయిన్ నంబరు, తయారైన రోజు ఎన్ని ఉన్నాయని కాదు, ఎక్స్‌పైరీ నాటికి గ్రాముకి ఎన్ని బతికుంటాయని రాశారో చూడండి. బ్యాచ్ నంబరు ఉండాలి, వాళ్ళు చూపించే ల్యాబ్ రిపోర్టు మీద అదే బ్యాచ్ నంబరు ఉండాలి. ఎప్పుడో వచ్చిన ఒక రిపోర్టుని జిరాక్సులు తీసి ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తారు, తారీఖు చూడండి. లాక్టోబాసిల్లస్ రకమైతే షాపులో ఎక్కడ పెట్టారో కూడా చూడండి, మే నెలలో రేకుల షెడ్డులో ఉన్నదైతే అందులో మిగిలింది పొడే. బాసిల్లస్ స్పోర్లు ఎండని కాస్త ఓర్చుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, వాడిన ప్రతి ప్యాకెట్ నుంచి రెండు చెంచాలు పొడి, బిల్లు, లేబుల్ ముక్క ఒక కవర్లో వేసి పంట అయిపోయేదాకా దాచండి. రేపు రొయ్యలో ఏదైనా దొరికితే, మీరు వాడలేదని నిరూపించడానికి మీ దగ్గరున్నది అదొక్కటే.

[ఒక రైతు: నీలకంఠ రొయ్య వేశామండి. నైట్రోఫ్యూరాన్ పాజిటివ్ అన్నారు, మేమైతే వాడలేదు.]

ఏ ముక్క వచ్చిందో అడగండి. నాలుగు ముక్కల్లో సెమికార్బజైడ్ అనేదొక్కటే వచ్చిందా? నీలకంఠ రొయ్య పెంకులో అది సహజంగానే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. పెంకుతో కలిపి రుబ్బి పరీక్ష చేస్తే మీరు మందు ముట్టకపోయినా పాజిటివ్ వస్తుంది. పెంకు తీసిన కండని మాత్రమే మళ్ళీ పరీక్ష చేయమని రాసివ్వండి. మిగిలిన మూడిట్లో ఏది వచ్చినా మాత్రం ఈ సాకు పనికిరాదు, మీ మేత, మీ ప్యాకెట్లు, మీ సీడు వచ్చిన హేచరీ, అన్నీ తిరగేసుకోవాలి.

చివరగా పట్టుబడి ముందు ఇచ్చే శాంపిల్ గురించి ఒక మాట, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా సంస్థ ల్యాబు భీమవరంలోనే ఉంది కాబట్టి దూరం అనే సాకు కూడా లేదు. మేత తింటున్నాయా అని చూడటానికి పెట్టే చెక్ ట్రేలో పడ్డవాటినే తీసుకెళ్ళకండి, అవి ఎప్పుడూ బాగా తినే రొయ్యలు. నాలుగు మూలలా, మధ్యలో వల వేసి కలిపి తీయండి. కొత్త ప్లాస్టిక్ కవర్లో వేసి ఐసులో పెట్టండి, కవరు మీద చెరువు నంబరు రాయండి. మందు పొడులు కలిపిన చేత్తో ముట్టుకోకండి, మేత కలిపే టబ్బులో అసలు పెట్టకండి. 0.15 పీపీబీ దగ్గర గోటి సందులో మిగిలిన పొడి కూడా లెక్కలోకి వస్తుంది.